పక్క గేటు నుంచి వెళ్తే అడ్డదారేనా? థీమ్ పార్కు క్యూల గురించి మీ అభిప్రాయం కావాలి

చిన్నూ_అమ్మ | శనివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే కానీ రాసింది చాలా తక్కువ. ఇవాళ మనసు ఊరుకోక రాస్తున్నా.

మా బాబుకి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. చూస్తే తెలియదు, వయసుకి మించిన పొడుగు, ఒంట్లో బాగానే ఉంటాడు. గుండ్రంగా తిరిగేది ఏదైనా సరే వాడికి ప్రాణం. ఆరు నెలలుగా అడుగుతుంటే ఒక పెద్ద థీమ్ పార్కుకి తీసుకెళ్లాం. దాని పేరు ఇక్కడ రాయను.

లోపలికి వెళ్లగానే ఆఫీసులో కాగితాలు చూపిస్తే ఒక పాస్ ఇచ్చారు. ముందు రైడ్ దగ్గరికి వెళ్లి టైమ్ రాయించుకోవాలి. బోర్డు మీద 50 నిమిషాలని ఉంటే, 50 నిమిషాల తర్వాత రమ్మంటారు. అంతవరకు ఎక్కడైనా కూర్చోవచ్చు. టైమ్ అయ్యాక పక్క గేటులోంచి పంపిస్తారు. రెండు రైడ్లు హాయిగా అయిపోయాయి. మూడోదానికి 55 నిమిషాలు చెప్పారు. చెట్టు కింద కూర్చున్నాం. మావాడు నీలం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నా ఫోన్‌లో టైమర్ అంకెలు తగ్గుతుంటే పెదాలు కదుపుతూ తనూ లెక్కపెట్టుకున్నాడు. సున్నా రాగానే లేచి నా వేలు పట్టుకుని తనే ముందు నడిచాడు.

పక్క గేటు దగ్గరికి వచ్చేసరికి మెయిన్ లైన్లోంచి ఒకాయన గట్టిగా అరిచాడు. "బాగానే నడుస్తున్నాడు కదా, వాడికేం రోగం? ఇక్కడ నిలబడ్డ మేమంతా పిచ్చోళ్లమా?" వెనకాల ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. మాటలు మావాడికి ఎంత అర్థమయ్యాయో తెలియదు కానీ ఆ గొంతు అర్థమైంది. చెవుల మీద చేతులు పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఇరవై నిమిషాలు లేవలేదు. రైడ్ ఎక్కకుండానే ఇంటికి వచ్చేశాం.

ఆయన మీద కోపం కంటే నాకు ఒక సందేహం మిగిలిపోయింది. మేం చేసింది నిజంగా అన్యాయమా? మీరే ఆ లైన్లో ఉంటే మీకేం అనిపించేది? దాచుకోకుండా చెప్పండి.


సగటు_నాన్న | ఆదివారం, ఉదయం 7:15

చిన్నూ అమ్మగారూ, చదివి చాలా బాధేసింది. పసివాడి ముందు అలా అరవడం తప్పు. అందులో రెండో మాట లేదు.

దాచుకోకుండా చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. నేను ఆ మెయిన్ లైన్లో నిలబడే మనిషిని. కిందటి సెలవుల్లో ఇద్దరు పిల్లలతో వెళ్లాం. చిన్నదానికి ఐదేళ్లు. బోర్డు మీద 45 నిమిషాలని ఉంది, పట్టింది గంటన్నర. మా లైన్ కదలదు. పక్క గేటులోంచి మాత్రం జనం వెళ్తూనే ఉన్నారు. అందులో ఒక గుంపు పది మంది పైనే. ఒక కుర్రాడి కాలికి కట్టు ఉంది, మిగతావాళ్లు గెంతుకుంటూ వెళ్లారు. అరగంటకి అదే గుంపు మళ్లీ వచ్చింది. "నాన్నా, వాళ్లు మళ్లీ వచ్చారు, మనం ఒక్కసారి కూడా ఎక్కలేదు" అంది మా పాప. దానికి నేనేం చెప్పాలి?

నిజంగా అవసరం ఉన్నవాళ్లకి ఇవ్వొద్దని నేను అనను. కానీ డాక్టర్ సర్టిఫికెట్ చూడాలి, తోడు ఒకరిద్దరినే పంపాలి. లేకపోతే నిజమైనవాళ్ల మీద కూడా నమ్మకం పోతుంది. మీ బాబు విషయంలో జరిగింది అదే అనుకుంటున్నా.


పాత_ఆపరేటర్ | ఆదివారం, ఉదయం 9:03

ఆరేళ్లు రైడ్ ప్లాట్‌ఫాం మీద పనిచేశాను. ఇద్దరి మాటలూ నాకు తెలిసినవే, ఇద్దరి తిట్లూ తిన్నవాణ్ణే.

లైన్లో ఉన్నవాళ్లకి కనపడని సంగతి ఒకటి చెప్తా. మెయిన్ లైన్, పక్క లైన్ రెండూ ప్లాట్‌ఫాంకి ముందు ఒక చోట కలుస్తాయి. అక్కడ ఒక మనిషి నిలబడి ఈ లైన్లోంచి ఇంతమంది, ఆ లైన్లోంచి ఇంతమంది అని వదులుతుంటాడు. రద్దీ రోజుల్లో నేను ఆ డ్యూటీలో ఉన్నప్పుడు పక్క లైన్లోంచి వచ్చేవాళ్లలో చాలా ఎక్కువ మంది ఎక్స్‌ప్రెస్ టికెట్ కొనుక్కున్నవాళ్లే. డబ్బు కట్టారు కాబట్టి వాళ్లని ఆపొద్దని మాకు పైనుంచి చెప్పేవాళ్లు. వికలాంగుల పాస్‌తో వచ్చే కుటుంబాలు మధ్య మధ్యలో ఒకటీ అరా. కానీ మెయిన్ లైన్లో నిలబడ్డ మనిషికి గేటు ఒక్కటే కనిపిస్తుంది. ఎవరు ఎందుకు వెళ్తున్నారో తెలియదు. వీల్‌చైర్ కనిపిస్తుంది, నీలం హెడ్‌ఫోన్స్ కనిపిస్తాయి. కోపం వాటి మీదకి పోతుంది. ఎక్స్‌ప్రెస్ టికెట్ కొన్నాయన మీద ఎవరూ అరవగా నేను చూడలేదు.

సగటు నాన్నగారు చెప్పిన గుంపు లాంటివీ ఉండేవి. నలుగురికి ఇచ్చిన పాస్ మీద పదిమంది వచ్చేవాళ్లు. ఆపితే గొడవ. సూపర్‌వైజర్ వచ్చి "పోనీలే, పంపించెయ్" అనేవాడు. తప్పు అక్కడుంది. రూల్ రాసి పెట్టుకుని, దాన్ని అమలు చేసే ధైర్యం మాత్రం గంటల జీతం మీద పనిచేసే కుర్రాడికి వదిలేస్తారు.


చక్రాలపై_నేను | ఆదివారం, ఉదయం 11:40

నేను పద్నాలుగేళ్లుగా వీల్‌చైర్ వాడుతున్నా. "మీకేం, నేరుగా వెళ్లిపోతారు" అనే మాట విని విని అలసిపోయాను కాబట్టి, నేరుగా వెళ్లడం అంటే ఏమిటో చెప్తాను.

మెయిన్ క్యూ పాము మెలికల్లా ఇనప కడ్డీల మధ్య కడతారు. ఆ మలుపుల్లో నా కుర్చీ తిరగదు. చివర్లో మెట్లు. అందుకని నన్ను దిగేవాళ్లు బయటికొచ్చే దారిలోంచి, ఎదురొచ్చే జనాన్ని తప్పించుకుంటూ లోపలికి రమ్మంటారు. లోపల కుర్చీతో సహా ఎక్కించే బండి చాలా రైడ్లలో ఒకటో రెండో ఉంటాయి. ఆ బండి తిరిగి వచ్చేదాకా ఆగాలి. నాకు ముందే ఇంకో వీల్‌చైర్ ఉంటే వాళ్లది అయ్యేదాకా ఆగాలి. బోర్డు మీద 20 నిమిషాలున్న రోజున నేను 40 నిమిషాలు ఆగిన సందర్భాలు ఉన్నాయి, అదీ దిగేవాళ్లందరూ నన్ను చూస్తూ పోయే చోట.

కుర్చీలోంచి రైడ్ సీటులోకి మారాల్సినవి ఇంకో రకం. ఒకసారి ఏం జరిగిందో చెప్తా. సీటు నా కుర్చీ కంటే జానెడు కిందికి ఉంది. మా తమ్ముడు చంకల కింద పట్టుకున్నాడు, నేను ఒక చెయ్యి రైడ్ అంచు మీద వేసి ఒళ్లు జరుపుకుంటున్నా. ప్లాట్‌ఫాం మొత్తం ఆగిపోయింది. స్పీకర్లో "కాస్త ఆలస్యం అవుతోంది" అని ప్రకటన. అప్పటికి ఒక నిమిషం కూడా అయి ఉండదు. కానీ వెనకాల వందమంది నా కాళ్ల వైపు చూస్తున్న ఆ నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు.

అడ్డదారి అనేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. ఆ మెయిన్ లైన్ నా కుర్చీ పట్టేలా కట్టండి, నేను అందులోనే వస్తాను. అమెరికాలో 1990లో వికలాంగుల చట్టం వచ్చింది. దాని కింద 2010లో సవరించిన ప్రమాణాల్లో రైడ్ల గురించి విడిగా రాశారు. కొత్తగా కట్టే రైడ్లలో, కొన్ని మినహాయింపులు పోగా, వీల్‌చైర్‌కి చోటు గానీ, మారడానికి వీలైన సీటు గానీ, మార్చే సాధనం గానీ ఉండాలి. అలా కట్టిన చోట చాలా రైడ్లలో వీల్‌చైర్లు అందరితో పాటు అదే క్యూలో వెళ్తాయి. ఎవరికీ ఏ అనుమానమూ రాదు. వేరే గేటు అనేది మొదట్లో సరిగ్గా కట్టనందుకు వేసిన అతుకు.

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో 2010లో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అని ఒక పార్కు తెరిచారు. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన తన కూతురి కోసం మొదలుపెట్టింది. అక్కడ రంగులరాట్నం మీద గుర్రాల పక్కనే వీల్‌చైర్ నిలిపే రథాలు ఉంటాయి, గుర్రాల్లాగే అవీ పైకీ కిందికీ కదులుతాయి. 2017లో పక్కనే నీళ్ల పార్కు తెరిస్తే, అందులో తడిసినా పాడవని, గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలు పెట్టారు. వికలాంగులకి ప్రవేశం ఉచితం. అది చూశాక, మిగతాచోట్ల "కుదరదండీ" అంటే నేను నమ్మడం మానేశాను. అనుకుంటే కుదురుతుంది.


లెక్కల_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:26

సగటు నాన్నగారి పాప అడిగిన ప్రశ్నకి లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవి.

ఒక రైడ్ గంటకి 1200 మందిని ఎక్కిస్తుంది. మీ ముందు మెయిన్ లైన్లో 600 మంది ఉన్నారు. పక్క గేటే లేకపోతే మీకు 30 నిమిషాలు పడుతుంది. ఇప్పుడు వికలాంగుల పాస్ మీద గంటకి 60 మంది వస్తున్నారనుకోండి. మెయిన్ లైన్‌కి 1140 సీట్లు మిగులుతాయి. మీరు ఆగేది సుమారు 31న్నర నిమిషాలు. అదే ఎక్స్‌ప్రెస్ టికెట్ల మీద గంటకి 600 మందిని వదిలితే మీకు మిగిలేది సగం. 30 నిమిషాలు కాస్తా గంట అవుతుంది.

ఆ ఒకటిన్నర నిమిషం కూడా నిజానికి అదనం కాదు. పాస్ లేకపోతే ఆ 60 మంది మీ లైన్లోనే, మీ ముందే నిలబడి ఉండేవాళ్లు. వాళ్లకి కావలసిన సీట్లు ఎలాగూ అన్నే. చిన్నూ అమ్మగారు 55 నిమిషాలు చెట్టు కింద ఆగి వచ్చారు. ఆమె ఎవరి సీటూ తీసుకోలేదు, తన వంతు సీటులో కూర్చోబోయారు. మారింది ఆగిన చోటు మాత్రమే.

లెక్క ఎప్పుడు తప్పుతుందంటే, పాస్ చూపించగానే ఆగకుండా పంపించేస్తే. అప్పుడు ఒక కుటుంబం అందరికంటే రెండింతలు, మూడింతలు రైడ్లు ఎక్కగలుగుతుంది. సగటు నాన్నగారు చూసిన గుంపు అరగంటలో మళ్లీ వచ్చిందంటే అక్కడ జరిగింది అదే. ఆగకుండా పంపడం వేరు, వేరేచోట ఆగనివ్వడం వేరు. ఈ రెండింటినీ ఒకే గేటులోంచి పంపుతున్నారు కాబట్టి మనకి ఒకేలా కనిపిస్తున్నాయి.


వేణువు22 | ఆదివారం, మధ్యాహ్నం 3:10

చిన్న సందేహం. చెట్టు కింద ఆగే ఆ 55 నిమిషాల్లో ఇంకో చిన్న రైడ్ లైన్లో నిలబడొచ్చు కదా? అంటే ఒకేసారి రెండు క్యూల్లో ఉన్నట్టే. మెయిన్ లైన్లో ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. విమర్శించడానికి కాదు, తెలుసుకోవడానికే అడుగుతున్నా.


చిన్నూ_అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3:58

మంచి ప్రశ్నే వేణువు గారూ. ఎవరైనా చేయగలరు, నిజమే. మా సంగతి చెప్తాను. ఆ గంటలో మేం చేసేవి ఇవి: టాయిలెట్ వెతకడం, అక్కడ చేతులు ఆరబెట్టే మిషన్ చప్పుడుకి వాడు భయపడితే బయటికి తెచ్చి మళ్లీ తీసుకెళ్లడం, మందు వేయడం, చొక్కా తడిస్తే మార్చడం, పది నిమిషాలు ఏ చప్పుడూ లేని చోట కూర్చోబెట్టడం. ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఉండి మేం ఎక్కింది రెండు రైడ్లు. పాస్ ఉన్నా లేకపోయినా మా రోజు మిగతావాళ్ల రోజు కంటే చిన్నది. వాడు మూడు నాలుగు గంటల కంటే తట్టుకోలేడు.


చట్టం_విద్యార్థి | ఆదివారం, రాత్రి 8:35

లెక్కల టీచర్ గారు చెప్పిన తేడా మీద ఒక పెద్ద కంపెనీ చరిత్రే ఉంది. ఇది కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 2013 దాకా గెస్ట్ అసిస్టెన్స్ కార్డ్ ఉండేది. చాలామందికి అది చూపిస్తే దాదాపు వెంటనే ఎక్కించేవాళ్లు. ఆ ఏడాది మే నెలలో, డబ్బున్న కొన్ని కుటుంబాలు వికలాంగులని గంటల లెక్కన గైడ్లుగా పెట్టుకుని లైన్లు దాటేస్తున్నాయని పత్రికల్లో వచ్చింది. 2013 అక్టోబరులో ఆ కార్డు తీసేసి డిజేబిలిటీ యాక్సెస్ సర్వీస్ తెచ్చారు. మెయిన్ లైన్ ఎంతసేపో అంతసేపు బయట ఆగి రావడం, ఒకసారికి ఒక రైడ్‌కే టైమ్ తీసుకోవడం దాని పద్ధతి.

దాని మీద ఆటిజం ఉన్నవాళ్ల కుటుంబాలు కోర్టుకి వెళ్లాయి. మా పిల్లలకి ఆగడమే కుదరదు, బయట ఆగినా లోపల ఆగినా ఒకటే అన్నది వాళ్ల వాదన. 2018లో అప్పీలు కోర్టు దీన్ని విచారణ లేకుండా కొట్టేయకూడదని వెనక్కి పంపింది. విచారణ తర్వాత 2020లో జడ్జి డిస్నీ వైపే తీర్పిచ్చారు.

ఇలాంటి వాదనల్లో తరచూ కనిపించే పాత తీర్పు ఒకటి గోల్ఫ్ గురించి. కేసీ మార్టిన్ అనే ఆటగాడికి కాలి రక్తనాళాల జబ్బు. గోల్ఫ్ మైదానమంతా నడవలేడు. బండి మీద తిరగనివ్వమన్నాడు. నడక ఆటలో భాగమని పోటీల నిర్వాహకులు ఒప్పుకోలేదు. 2001లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. గోల్ఫ్ సారం బంతిని కొట్టడంలో ఉంది, నడవడంలో లేదు అన్నది దాని తాత్పర్యం. నేను ఇది చదివినప్పటి నుంచి క్యూని అలాగే చూస్తున్నా. రైడ్ సారం రైడ్ ఎక్కడం. వంతు ప్రకారం ఎక్కడం న్యాయం. ఆ వంతు వచ్చేదాకా కడ్డీల మధ్య రెండు కాళ్ల మీద నిలబడటం ఈ రెండింట్లో దేనికీ అవసరం లేదు.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 30వ అధికరణం ఆటలు, వినోదం, తీరిక గురించే ఉంది. వికలాంగ పిల్లలు మిగతా పిల్లలతో సమానంగా ఆడుకునే అవకాశం కూడా అందులో రాశారు. ఆసుపత్రి, బడి, ఉద్యోగం అయ్యాక మిగిలితే ఇచ్చే దయ కాదది.


క్రోన్స్_తో_పదేళ్లు | ఆదివారం, రాత్రి 10:19

నేను రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

నాకు క్రోన్స్ జబ్బు. పేగులకి సంబంధించింది. బయటికి ఏమీ కనపడదు. టాయిలెట్‌కి వెళ్లాలని తెలిసిన తర్వాత నా చేతిలో రెండు మూడు నిమిషాలే ఉంటాయి. మెలికల క్యూలో గంట నిలబడటం నాకు టెన్షన్ కాదు, భయం. మధ్యలోంచి బయటికి రావాలంటే నలభై మందిని జరగమనాలి. తిరిగి నా చోటుకి రావాలంటే అదే నలభై మందికి సంజాయిషీ చెప్పాలి.

చట్టం విద్యార్థి గారు 2020 దగ్గర ఆపారు. ఆ తర్వాతది నాలాంటివాళ్లకి సంబంధించింది. 2024 మే నెలలో ఫ్లోరిడాలో, జూన్‌లో కాలిఫోర్నియాలో డిస్నీ ఆ సర్వీసుని కుదించింది. ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలు, వాటికి దగ్గరివి ఉండి ఎక్కువసేపు మామూలు క్యూలో ఆగలేనివాళ్లకే అని రాసింది. వీడియో కాల్‌లో మాట్లాడి నిర్ణయిస్తారు. అబద్ధం చెప్పారని తేలితే పార్కులోకి శాశ్వతంగా రానివ్వరు. మిగతావాళ్లకి చెప్పే మార్గాల్లో ఒకటి, లైన్లోంచి బయటికి వెళ్లి మళ్లీ వచ్చి మీవాళ్లని కలుసుకోవచ్చని. నాతో ఎవరూ లేకపోతే? నేను, నా ఎనిమిదేళ్ల కూతురు ఇద్దరమే వెళ్తే, దాన్ని లైన్లో ఒంటరిగా వదిలి వెళ్లనా?

దుర్వినియోగం జరిగింది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని ఆపడానికి జబ్బుల పేర్ల చుట్టూ గీత గీస్తే, గీతకి అవతల పడేది మోసగాళ్లు కాదు. మోసగాడు ఏ పేరు చెప్పాలో నేర్చుకుని వస్తాడు. నిజం చెప్పేవాళ్లే మిగిలిపోతారు.


నిర్వాహకులు | సోమవారం, ఉదయం 6:50

రాత్రి వచ్చిన రెండు పోస్టులు తొలగించాం. తోటి సభ్యులని "రిపోర్టులు పెట్టండి చూద్దాం" అని అడగడం ఇక్కడ కుదరదు. ఎవరి జబ్బు వివరాలు వాళ్ల ఇష్టం. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.


సగటు_నాన్న | సోమవారం, ఉదయం 8:12

రాత్రి మొత్తం చదివాను. క్రోన్స్ అన్న పేరు వినడమే నాకు ఇది మొదటిసారి. అమ్మా, మీరు రాసినందుకు థాంక్స్.

లెక్కల టీచర్ గారి లెక్క నన్ను ఆపేసింది. గంటన్నర మా పాప నిలబడటానికి కారణం ఆ కాలికట్టు కుర్రాడే అనుకుని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఎక్స్‌ప్రెస్ టికెట్ల గురించి ఆలోచించనే లేదు. వాళ్లు డబ్బు కట్టారు కదా అని మనసు సర్దుకుంది. నేను కూడా డబ్బు కట్టే లోపలికి వెళ్లాను, ఆ సంగతి మర్చిపోయాను.

అయినా ఒక మాట మీద ఉంటాను. గుంపు పరిమితి ఉండాలి, దాన్ని నిజంగా అమలు చేయాలి. సర్టిఫికెట్ అనే మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే దాని బదులు ఏం చేయాలో నాకు తోచడం లేదు. ఏ ఆధారమూ వద్దంటే 2013కి ముందు జరిగిందే మళ్లీ జరుగుతుంది కదా?


చట్టం_విద్యార్థి | సోమవారం, ఉదయం 9:30

దానికి బ్రిటన్‌లో ఒక దారి ఉంది. నింబస్ అనే సంస్థ యాక్సెస్ కార్డ్ ఇస్తుంది. ఆధారాలు దానికి ఒకసారి చూపిస్తే చాలు. కార్డు మీద జబ్బు పేరు ఉండదు. అవసరాల బొమ్మలు ఉంటాయి: ఎక్కువసేపు నిలబడలేరు, టాయిలెట్ దగ్గర్లో ఉండాలి, తోడు మనిషి కావాలి, ఇలా. ఆల్టన్ టవర్స్ లాంటి పార్కులు అలాంటి ఆధారం చూసి రైడ్ యాక్సెస్ పాస్ ఇస్తాయి. అక్కడా మెయిన్ లైన్ ఎంతసేపో అంతసేపు బయట ఆగాల్సిందే. అక్కడి 2010 సమానత్వ చట్టం అడిగేది కూడా "తగిన సర్దుబాటు" చేయమనే.

నాకు నచ్చింది ఏమిటంటే, గేటు దగ్గర కుర్రాడు మీ పేగుల గురించో మీ బాబు మెదడు గురించో అడగక్కర్లేదు. బొమ్మ చూస్తాడు, టైమ్ రాస్తాడు. అయితే కార్డుకి డబ్బు కట్టాలి, కాగితాలు పోగుచెయ్యాలి. ఆ భారం మళ్లీ ఈ కుటుంబాల మీదే పడుతుంది. అది నాకు నచ్చదు.


సంకేత_భాష | సోమవారం, ఉదయం 11:05

నాకు పుట్టుకతో వినపడదు. వికలాంగుల పాస్ అనగానే నాకు కూడా పక్క గేటు చూపిస్తారు. నాకది వద్దు. గంటసేపు నిలబడగలను, నిలబడతాను.

నాకు కావలసింది వేరు. రైడ్ మధ్యలో ఆగిపోయి స్పీకర్లో ప్రకటన వచ్చినప్పుడు చుట్టూ అందరూ నవ్వుతున్నారో, భయపడుతున్నారో చూసి నేను ఊహించుకోవాలి. ఒకసారి ఎత్తులో పావుగంట అలా కూర్చున్నా, ఏం జరిగిందో తెలియకుండా. అక్కడ ఒక స్క్రీన్ మీద రెండు వాక్యాలు చాలు. అందరికీ ఒకే పాస్ ఇచ్చి చేతులు దులుపుకునే బదులు, "మీకేం కావాలి" అని అడగమనండి.


లెక్కల_టీచర్ | సోమవారం, మధ్యాహ్నం 1:44

స్క్రీన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. క్యూలో ఆగేవాళ్ల మనస్తత్వం గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఒకటి ఉంది. కారణం తెలియని ఎదురుచూపు కారణం తెలిసినదాని కంటే పొడుగ్గా అనిపిస్తుంది, అన్యాయంగా తోచింది ఇంకా పొడుగ్గా అనిపిస్తుంది అంటాడు. ఈ చర్చలో మనం మాట్లాడుతున్నది అదే.

పక్క గేటు మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెడితే ఎంత ఖర్చు? "ఈ పాస్‌తో వచ్చేవారు మీ అంతసేపూ వేరేచోట ఆగి వచ్చారు." ఎక్స్‌ప్రెస్ టికెట్ల గేటు విడిగా పెట్టి, దాని మీద దాని పేరు రాయండి. చిన్నూ మీద అరిచిన పెద్దమనిషికి ఆ బోర్డు కనిపించి ఉంటే అరిచేవాడు కాదేమో.


పాత_ఆపరేటర్ | సోమవారం, సాయంత్రం 6:20

విడి గేటు పెట్టరు టీచర్ గారూ. ఎక్స్‌ప్రెస్ లైన్లో ఎంతమందిని వదులుతున్నారో అందరికీ కనిపిస్తుంది కదా, అది వాళ్లకి ఇష్టం ఉండదు. బోర్డు మాత్రం పెట్టొచ్చు. నేనున్నప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, నాకు కూడా. ఇప్పుడు చదువుతుంటే సిగ్గుగా ఉంది.

చక్రాలపై గారికి ఒక వివరం. ఒకే సమయంలో నడవలేని వాళ్లు ఇంతమందే ఉండాలని కొన్ని రైడ్లకి లెక్క ఉంటుంది. బండి పైన ఆగిపోతే మెట్ల మీదుగా ఒక్కొక్కరినే దింపాలి, నడవలేని ఒక్కో మనిషికి ఇద్దరు ముగ్గురు సిబ్బంది కావాలి. ఆ లెక్క మేం కావాలని పెట్టింది కాదు. కానీ ఆ కారణం మీకు ఎవరూ చెప్పకుండా "ఆగండి" అని మాత్రం అనడం, అది మా తప్పే.

చిన్నూ అమ్మగారూ, మళ్లీ వెళ్తారా? వెళ్తే నాకు తెలిసిన రెండు మాటలు. వారం మధ్యలో వెళ్లండి, గేటు తెరిచిన మొదటి గంటలోనే ఇష్టమైన రైడ్ ముందు చేసేయండి. కలిసే చోట నిలబడ్డ మనిషితో ముందే "మావాడికి అరుపులు పడవు" అని చెప్పండి. మేం చాలామందిమి ఆ మాట వింటే మా ఒళ్లు అడ్డం పెట్టి నిలబడతాం. నేను నిలబడేవాణ్ణి.


చక్రాలపై_నేను | సోమవారం, రాత్రి 9:02

పద్నాలుగేళ్లలో ఆ కారణం నాకు చెప్పిన మొదటి మనిషి మీరేనండీ. తెలిసి ఉంటే ఎన్నిసార్లు ఊరికే గొడవపడకుండా ఉండేదాన్నో.

చిన్నూ అమ్మగారూ, పొద్దుతిరుగుడు పూల పట్టీ గురించి విన్నారా? ఆకుపచ్చ రిబ్బన్ మీద పసుపు పూలు, మెడలో వేసుకుంటారు. 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. పైకి కనపడని వైకల్యం ఉందని సిబ్బందికి చెప్పకనే చెప్పే గుర్తు. లైన్ దాటే హక్కేమీ ఇవ్వదు. కానీ నోరు తెరిచి చెప్పే బాధ తగ్గుతుంది. వేసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, బాబు ఇష్టం.


చిన్నూ_అమ్మ | రెండు వారాల తర్వాత, బుధవారం, సాయంత్రం 5:37

అందరికీ దండాలు. మళ్లీ వెళ్లొచ్చాం. ఇవాళే.

పాత ఆపరేటర్ అన్న చెప్పినట్టు గేటు తెరవగానే వెళ్లాం. అదే రైడ్. వాడు ఆ గేటు చూసి ఆగిపోయాడు, పోయినసారి కూర్చున్న చోటు వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. కలిసే చోట ఒక అమ్మాయి ఉంది, ఇరవై ఏళ్లుంటాయి. మెల్లగా చెప్పాను. తల ఊపి, లైన్‌కీ మావాడికీ మధ్య వచ్చి నిలబడింది. మా టైమ్ అయ్యాక చెయ్యి చాపి దారి చూపించింది, నోటితో ఏమీ అనకుండా. చప్పుడు లేకుండా చెప్పడం ఆ పిల్లకి ఎవరు నేర్పారో.

ఎక్కాడు. తిరిగినంతసేపూ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉన్నాడు, లెక్కపెడుతున్నాడు. పదకొండు చుట్లట. దిగాక నాకు చెప్పాడు.

పూల పట్టీ బ్యాగ్‌లో పెట్టుకెళ్లాను, వాడు వద్దన్నాడు, వేయలేదు. సగటు నాన్నగారూ, ఎక్స్‌ప్రెస్ లైన్ ఇవాళ కూడా మా గేటులోంచే. ఇంటికొచ్చాక బోర్డు గురించి పార్కు వాళ్లకి ఉత్తరం రాసి పంపాను, టీచర్ గారి వాక్యం ఉన్నది ఉన్నట్టు పెట్టాను. మీలో ఎవరైనా ఏ పార్కుకి వెళ్లినా అదే వాక్యం రాసి ఇవ్వండి.

దిగగానే వాడు "మళ్లీ" అన్నాడు. బోర్డు మీద 35 నిమిషాలుంది. టైమ్ రాయించుకుని, చెట్టు కిందకి వెళ్లి టైమర్ పెట్టుకున్నాం.